చాటన్ గ్రామములోని యిల్లు

ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున హాంప్‌షైరు అను మండలము కలదు. లండను నగరమందలి వాటర్లూ స్టేషనులో రైలెక్కినచో గంటకు కొంచెము మించిన ప్రయాణముతో ఆల్టన్ అను చిన్న పట్టణము వచ్చును. అచ్చట దిగి మైలున్నర నడచినచో చాటన్ గ్రామము చేరవచ్చును. ఊరు పెద్దది కాదు. పూర్వము వించెస్టరునకును గాస్పోర్టునకును పోవు బాటలు చీలిన చోట, వీధి నానుకొని, ఎఱ్ఱయిటుకల యిల్లొకటి కనబడును. మేడయే గాని మేడ యనదగిన ఠీవి దానికి లేదు. ఒకప్పుడు జమీందారు నౌకరీదారు కాపురముండిన యిల్లది. దానిని చూచుటకు నేడు దేశదేశములనుండి జనులు, అందును విశేషముగా స్త్రీలు, వచ్చుచున్నారు. 1809వ సంవత్సరము జూలై నెలలో నలుగురు స్త్రీలు ఈ యింట గృహప్రవేశము చేసిరి: వితంతువగు ఒక తల్లి, పెండ్లికాని ఆమె కుమార్తెలిరువురు, వారి స్నేహితురాలగు మార్తా లాయిడ్. ఆ కుమార్తెలలో చిన్నదియే నవలా రచయిత్రి యగు జేన్ ఆస్టెన్.

మన కళాశాలలలో ఆంగ్లము చదివిన బాలికలకు ఈమె పేరు క్రొత్త కాదు. ఆమె పూర్తిచేసిన పెద్ద నవలలు ఆరు. అవి వ్రాయబడిన కాలమున ఫ్రాన్సుతో ఇంగ్లండు ఘోరయుద్ధము చేయుచుండెను. ఆమె సోదరులిద్దరు నౌకాదళమున నుండిరి. అయినను ఆ నవలలలో యుద్ధరంగము లేదు, రాజసభ లేదు. పల్లెటూరి కుటుంబములు కొన్ని, వారి విందులు, నృత్యములు, పలుకరింపులు, పెండ్లి మాటలు, ఇంతియే. ఇంతకంటె మన స్త్రీలు తరచుగా చెప్పు ఆక్షేపణ మఱియొకటి కలదు. ‘ఏ వరుడు వచ్చినను ఏటికెన్ని వేల రాబడి యని ముందుగా లెక్క చెప్పును. ఇదేమి ప్రేమకథ?’ అని. చాటన్ యిల్లు చూచినవారికి, ఆ యింటివారి జమాఖర్చులు తెలిసినవారికి, ఈ ఆక్షేపణ నిలువదు. ఆ లెక్కలు అత్యాశపరుల లెక్కలు కావు. నిలువ నీడ యెక్కడ అని అడుగు స్త్రీల లెక్కలు.

జేన్ 1775 డిసెంబరు 16వ తేదీన అదే మండలములోని స్టీవెంటన్ గ్రామమున జన్మించెను. తండ్రి జార్జి ఆస్టెన్ ఆ గ్రామపు మతాచార్యుడు. సంతానము ఎనమండుగురు, అందు జేన్ ఏడవది, ఆడుపిల్లలలో రెండవది. మతాచార్యుని యిల్లు ఉద్యోగముతో వచ్చినది, ఉద్యోగముతో పోవునది. 1801లో తండ్రి పనినుండి విరమించి ఆ యింటిని పెద్దకుమారునకు వదలి, భార్యతోను కుమార్తెలతోను బాత్ పట్టణమునకు తరలెను. ఇంటి సామాను, పుస్తకములు, జేన్ వాయించు పియానో అమ్ముడుపోయినవి. 1805 జనవరిలో ఆయన మరణించెను. అంతటితో రాబడి చాలవరకు నిలిచిపోయెను. సోదరులు తలా కొంత వేసికొని, తల్లికిని కాసాండ్రాకును ఉన్న కొద్ది సొమ్ముతో కలిపి, ఏటికి సుమారు 450 పౌనులు సమకూర్చిరి. కాసాండ్రాకు కొంత సొమ్మెట్లు వచ్చెననగా, ఆమెకు నిశ్చయమైన వరుడు 1797లో పడమటి ఇండియా దీవులలో జ్వరముతో మరణించుచు వేయి పౌనులామెకు వ్రాసియిచ్చెను. జేన్‌కు మాత్రము తనదని చెప్పుకొన దగిన రాబడి ఒక్క పెన్నీ లేదు.

ఇల్లు దొరకు అవకాశమామెకు రాకపోలేదు. 1802 డిసెంబరు 2వ తేదీన, ఆమెకు ఇంచుమించు ఇరువదియేడేండ్లు నిండబోవుచుండగా, పెద్ద ఆస్తికి వారసుడగు హారిస్ బిగ్-విదర్ అను స్నేహితురాండ్ర తమ్ముడు ఆమెను పెండ్లాడ గోరెను. ఆమె సరే యనెను. రాత్రి గడచెను. తెల్లవారగనే ఆ మాట వెనుకకు తీసికొని, అక్కతో కూడ ఆ యూరు విడిచి పోయెను. ఆ రాత్రి ఆమె యేమి తలపోసెనో వ్రాతమూలముగా మిగులలేదు. కాని ఆమె ప్రసిద్ధ నవలయగు ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో షార్లెట్ లూకస్ అను యువతి కలదు. ఆమె వయస్సు ఇరువదియేడు. రూపము లేదు, సొమ్ము లేదు. మూర్ఖుడని యెల్లవారును ఎరిగిన కాలిన్సు అను మతాచార్యుని ఆమె తెలిసియే పెండ్లాడును. పెండ్లియైన పిమ్మట తాను కూర్చుండు గదిని ఇంటి వెనుకవైపున ఏర్పరచుకొనును. వీధివైపు గది బాగుగానున్న యెడల భర్త అస్తమానము వచ్చి తనయొద్దనే కూర్చుండునని! పాఠకులు ఇచ్చట నవ్వుదురు. నేనును నవ్వితిని. షార్లెట్‌ను రచయిత్రి నిందింపలేదని మాత్రము మఱల చదివినప్పుడు తెలిసినది. తాను కాదన్న దానిని ఔనన్న స్త్రీని ఆమె ఎంత ఓర్పుతో చిత్రించినదో చూడుడు.

ఆ నవలలోని లెక్క నిపుడు చూతము. బెన్నెట్ దంపతులకు ఐదుగురాడుపిల్లలు. తండ్రి భూమిపై ఏటికి రెండువేల పౌనులు వచ్చును. కాని ఆ భూమికి ‘ఎంటెయిల్’ అను కట్టుబాటు కలదు. అనగా పూర్వులు వ్రాసిన ఏర్పాటు ననుసరించి అది మగవారసునకే పోవలెను. కొడుకు లేడు గనుక తండ్రి కన్నుమూసిన నాడు ఇల్లు, భూమి, సమస్తమును కాలిన్సునకే చెందును. తల్లి సొమ్ము ఐదువేల పౌనులు మాత్రము కుమార్తెలకు దక్కును. తలకొక వేయి. నూటికి నాలుగు వడ్డీ చొప్పున ఏటికి నలువది పౌనులు! ఈ సంగతిని పెండ్లి మాట లాడవచ్చిన కాలిన్సే ఎలిజబెత్ మొగముమీద చెప్పును. అట్టి తల్లి ‘వరుడు, వరుడు’ అని కలవరించుట వెఱ్ఱి యని నవలలోని భర్త పరిహసించును. లోకమును పరిహసించు తీరిక ఆయనకు కలదు. ఆయన చచ్చిన పిమ్మట ఇల్లు వెడలవలసినవారు ఆ పరిహాసములో పాలుపంచుకొనలేరు గదా.

‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆరంభమున ఇట్టిదే మఱియొక ఘట్టము కలదు. తండ్రి మరణశయ్యపై, సవతితల్లిని చెల్లెండ్రను చూచుకొమ్మని కొడుకును కోరును. కొడుకు మూడువేల పౌనులీయ తలంచును. భార్య వచ్చి తియ్యగా మాటలాడి ఆ మూడువేలను సగము చేయును, పిమ్మట ఏటేట కొంత యనును, పిమ్మట అప్పుడప్పుడేదో కానుక యనును. కడకు ఇల్లు మారునపుడు సామాను మోయించుటలో సాయము చాలునని తేల్చును. సోదరుల దయపై బ్రదికిన స్త్రీ వ్రాసిన పుటలివి. అయితే జేన్ సోదరులు అట్టివారు కారు. ధనిక బంధువులగు నైట్ వంశమువారికి దత్తుడై వెళ్లిన ఎడ్వర్డు, తన చాటన్ ఎస్టేటులోని యీ యింటిని తల్లికిని చెల్లెండ్రకును ఇచ్చెను. కాని ఇచ్చుటకు ఆయనకు ఎన్నియేండ్లు పట్టెనో కూడ లెక్కించుకొనవచ్చును: తండ్రి పోయిన నాలుగేండ్ల పిమ్మట.

ఇల్లు ఆడువారికి అనువగునట్లు కొన్ని మార్పులు చేసిరి. బండ్లలో పోవువారు తొంగిచూడకుండ పెద్దగది వీధి కిటికీని మూసివేసి, తోటవైపున క్రొత్త కిటికీ పెట్టించిరి. పెరటిలో నుయ్యి. దాని ప్రక్క రొట్టెలు కాల్చు పొయ్యియు, బట్టలుడుకబెట్టు పెద్ద కాగును గల వంటసాల. తల్లి తోటపని చేసెడిది. ఇంటి పనిలో చాలభాగము కాసాండ్రాయు మార్తాయు చూచుకొనిరి. జేన్ ఉదయముననే లేచి పియానో వాయించుకొని, తొమ్మిదిగంటలకు ఫలహారము సిద్ధపరచెడిది. తేయాకు, పంచదార, ద్రాక్షసారాయము ఆమె అధీనమున నుండెడివి. ఆ కాలమున తేయాకు తాళమువేసి దాచుకొను వస్తువు. పని పంపకమందలి యీ విశేషమును నేను ముఖ్యముగా గమనించితిని. మిగిలిన దినమంతయు ఆమెకు ఖాళీ దొరకునట్లు తక్కినవారు భారము మోసిరి. ఆ యింటి నవలలకు మూలధనము అదియే.

భోజనపు గదిలో కిటికీయొద్ద అక్రోటు చెక్కతో చేసిన చిన్న బల్లయొకటి కలదు. పండ్రెండు పలకల అంచు గలది, ఒంటి కాలుపై నిలిచినది. మన పీట కంటె మిక్కిలి పెద్దది కాదు. దీనిమీదనే ఆమె వ్రాసెనని కుటుంబమువారు చెప్పుచు వచ్చిరి. చిన్న కాగితపు ముక్కలపై వ్రాసి, ఎవరైన వచ్చినచో దాచివేసెడిదనియు, కిఱ్ఱుమను తలుపును బాగుచేయనీయక దానినే తనకు హెచ్చరికగా ఉంచుకొనెననియు ఆమె అన్న కుమారుడు వ్రాసిన జీవితచరిత్రలో నున్నది.

ఈ నవలలను చదువు మన సోదరీమణులకు అందలి ఆంగ్లపు మాటలు కొన్ని మోసము చేయును. నిఘంటువు చూచినను లాభముండదు. మాటలవే, కాలము మారినది. ‘మార్నింగ్’ అనగా ప్రాతఃకాలమని మనమనుకొందుము. వారికి భోజనవేళ వఱకు అంతయు మార్నింగే. కాబట్టి మధ్యాహ్నము రెండుగంటలకు వచ్చిన చుట్టము కూడ ఉదయపు పలుకరింపునకే వచ్చినట్లు. ఆ ‘డిన్నర్’ భోజనమైనను ఇంటింటికి ఒక వేళ. స్టీవెంటన్ యింట 1798లో మూడున్నరకు భుజించెడివారు. 1808 నాటికి ఐదుగంటలాయెను. నవలలో సంపన్నులగు బింగ్లీ కుటుంబము ఆరున్నరకు భుజించును. ఎంత ఆలస్యముగ భుజించిన అంత గొప్ప! ఈ గడియారము తెలిసినవారికి ఒక్క వాక్యములోనే ఇంటి అంతస్తు తెలిసిపోవును.

‘కండిసెన్షన్’ అను మాట నేడు తిట్టు, నాడు మెప్పు. గొప్పవారు తమ ఎత్తునుండి దిగివచ్చి చిన్నవారితో మాటలాడుట. కాలిన్సు తన పోషకురాలిని పదేపదే ఆ మాటతో పొగడును. ‘లవర్’ అనగా గౌరవముగా పెండ్లి కోరువాడే గాని వేఱర్థము లేదు. ‘నైస్’ అను మాటను అన్నిటికిని వాడుట అప్పుడే మొదలైనది కాబోలు, ‘నార్తాంగర్ ఆబీ’లో నాయకుడు ఆ మాటపై నాయికను ఆటపట్టించును.

పిలుపుల సంగతి మనకు సులభముగా బోధపడును. ఇంటి పెద్దకుమార్తె ‘మిస్ బెన్నెట్’. చెల్లెండ్రు మాత్రము పేరు చేర్చి ‘మిస్ ఎలిజబెత్ బెన్నెట్’. పెండ్లియైనచో కడగొట్టు పిల్లకైనను పెద్దపీట. అందుకే లేచిపోయి వివాహమాడి వచ్చిన లిడియా, సిగ్గులేక పెద్దక్కను వెనుకకు నెట్టి తల్లి కుడిప్రక్కను కూర్చుండబోవును. భార్య భర్తను ‘మిస్టర్ బెన్నెట్’ అనియే పిలుచును. ‘ఎమ్మా’లో క్రొత్తగా వచ్చిన ఎల్టన్ భార్య, ఊరి పెద్దమనిషిని ‘మిస్టర్’ లేకుండ ఒట్టి ‘నైట్లీ’ యనినప్పుడు ఎమ్మాకు ఒడలు మండును. మగని పేరెత్తని మన అవ్వలకు ఈ కోపము విప్పి చెప్పనక్కఱలేదు.

చుట్టరికములు మాత్రము మనకు చిక్కు. వారి ‘సిస్టర్’లో వదినెయు మఱదలును కూడ చేరును. ఆనాడు సవతితల్లిని కూడ ‘మదర్-ఇన్-లా’ అనెడివారు. అత్తగారనుకొని చదివినచో కథ తలక్రిందులగును. ‘కజిన్’ మఱియు చిక్కు. మనము చూచినంతనే మేనబావ యనుకొందుము. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఫానీ పెండ్లాడిన ఎడ్మండు ఆమెకేమగును? ఆమె తల్లియు అతని తల్లియు తోబుట్టువులు. మన వరుసలో అతడు పెద్దతల్లి కొడుకు, అన్న! లేడీ కాథరిన్ తన కుమార్తెకు చేసికొనదలచిన డార్సీయు అట్లే అక్కచెల్లెండ్ర బిడ్డయే. ఈ కథలను తెనిగింపబూనువారు ఈ ఒక్క మాటకు ఏమి చేయవలెనో నాకిప్పటికిని తోచలేదు. బావ యన్న అబద్ధము. అన్న యన్న అపచారము.

మఱియొక ఆచారము. ఊరికి క్రొత్తగా వచ్చిన కుటుంబమును ముందుగా ఇంటి యజమాని పోయి పలుకరింపవలెను. అట్లు పలుకరింపనిదే ఆడువారు పోరాదు, మాటలాడరాదు. నవల మొదటి అధ్యాయమున బింగ్లీని చూడ పొమ్మని తల్లి భర్తను వేధించుట ఇందులకే. నృత్యమునందును అంతే. కోరుట పురుషుని వంతు. కాదనుట మాత్రమే స్త్రీకి దక్కిన అధికారము. ఒకని కాదన్నచో మఱియొకనితో ఆడకుండుట మర్యాద. వివాహము కూడ ఇట్టి నృత్యమే యని ‘నార్తాంగర్ ఆబీ’ నాయకుడు నవ్వుచు చెప్పును. 1802 డిసెంబరు నాటి ఆ యుదయమును ఎరిగిన మనకు ఆ మాట నవ్వు పుట్టింపదు.

ఈ యింటిలో మన దేశపు జాడలు కొన్ని కలవు. తల్లియు కుమార్తెలును కలిసి కుట్టిన బొంత యొకటి యిచ్చట భద్రపరుపబడినది. పూలపూల ‘చింట్జ్’ ముక్కలను వజ్రాకృతిగా కత్తిరించి అతికి కుట్టిరి. ముక్కలు కూడబెట్టుట మఱవవద్దని 1811లో జేన్ అక్కకు జాబు వ్రాసెను. చింట్జ్ అను మాట హిందీలోని ‘ఛీంట్’నుండి వచ్చినది, మన చీటిగుడ్డ యను మాట దాని చుట్టమే. మచిలీపట్టణము మొదలగు మన తీరపు రేవులనుండి పోయిన అద్దకపు బట్టలను చూచియే ఐరోపావారు ఆ పనిని అనుకరింప నేర్చిరి. ‘నార్తాంగర్ ఆబీ’లో నాయకుడు తన చెల్లెలికై గజము ఐదు షిల్లింగులకు అసలైన ఇండియా మస్లిను కొంటినని చెప్పి, బట్టల బేరమెరిగిన పెద్దమ్మగారిని మెప్పించును.

బట్టలే కాదు, బంధువులును వచ్చిరి. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా తలిదండ్రులు లేని పిల్ల. లండనులో టోపీలు కుట్టు దుకాణమున పని నేర్చినది. 1752లో, ఇరువదియొక్కయేండ్ల వయస్సున, ఓడయెక్కి చెన్నపట్నము వచ్చి, మఱుసటి యేడు కడలూరులో కంపెనీ వైద్యుడగు హాంకాకును వివాహమాడెను. కట్నములేని పిల్లలను తూర్పుదేశమునకు పంపినచో వరుడు దొరకునని నాడు ఇంగ్లండున అనుకొనెడివారు. జేన్ బాల్యమున వ్రాసి విడిచిన కథలో, ఇట్లే బంగాళమునకు పంపబడిన అనాథబాలిక యొకతె కలదు. పెండ్లి జరిగినది, సుఖము లేదు. పదునాఱేండ్ల యువతి ఆ సంగతి వ్రాయగలిగినదన్నచో ఇంట విన్న మాటలెట్టివో ఊహింపవచ్చును.

చాటన్ వచ్చిన తరువాత పుస్తకములు వరుసగా వెలువడినవి. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. పేరున్నచోట ‘ఒక స్త్రీ’ అని మాత్రమే యుండెను. అచ్చునకైన నష్టము తానే భరించు షరతుపై వేయించెను. 140 పౌనుల లాభము వచ్చెను. 1812లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను 110 పౌనులకు అమ్మివేసెను. ఆమె అడిగినది 150. బ్రదికియున్నంత కాలములో పుస్తకములవలన వచ్చినదంతయు 700 పౌనులకు లోపే. సోదరుల చేతిమీదుగా గాక స్వయముగా ఆర్జించిన ఆ సొమ్మును చూచి ఆమె ఎంత మురిసెనో జాబులలో కనబడును. ఆనాడు పెండ్లియైన స్త్రీ సంపాదన న్యాయరీత్యా భర్తది. 1870, 1882 సంవత్సరముల చట్టములు వచ్చు వఱకు అంతే. బిగ్-విదర్‌ను కాదనుటలో ఈ లాభమును కలదు.

అయినను ఆ నీడ కూడ నిశ్చలము కాదు. 1814లో చాటన్ ఎస్టేటు తమదని పొరుగు కుటుంబమొకటి దావా వేసెను. ఎస్టేటు పోయినచో యీ యిల్లును పోవును. 1816 మార్చిలో సోదరుడగు హెన్రీ నడుపు బ్యాంకు దివాలా తీసెను. హెన్రీ, ఫ్రాంకు ఇచ్చుచుండిన ఏటి సాయము నిలిచెను. 1817లో ధనవంతుడగు మేనమామ చనిపోగా, తల్లికేమైన వచ్చునని అందఱు ఆశించిరి. ఆయన సర్వమును తన భార్య అధీనము చేసెను. అప్పటికే జేన్ మంచముపై నుండెను. ఆ వార్త ఆమెను మిక్కిలి క్రుంగదీసెను. మే నెలలో వైద్యమునకై అక్క ఆమెను పదునాఱు మైళ్ల దూరమునగల వించెస్టరునకు తీసికొనిపోయెను. జూలై 18వ తేదీన అక్కగారి చేతులలోనే ఆమె మరణించెను. వయస్సు నలువదియొక్కటి. వారి ఆచారమున స్త్రీలు శవము వెంట పోరు. చిన్న ఊరేగింపు వీధి మలుపు తిరిగి కనుమరుగగువఱకు కాసాండ్రా కిటికీయొద్ద నిలిచి చూచెను. ఆ మహాదేవాలయమందలి సమాధి రాతిపై ఆమె గుణములన్నియు చెక్కిరి గాని నవలలు వ్రాసెనని చెక్కలేదు. ఆ సంగతి తెలుపు ఇత్తడి ఫలకము 1872లో గాని గోడకెక్కలేదు. చాటన్ దావా కూడ 1818లో, ఎడ్వర్డు 15,000 పౌనులిచ్చిన పిమ్మటనే ముగిసెను.

తల్లి 1827లో పోయెను. కాసాండ్రా 1845 వఱకు ఈ యింటనే జీవించి, చెల్లెలి జాబులలో చాలవానిని తానే కాల్చివేసెను. సుమారు నూటయరువది మిగిలినవి. అటుపిమ్మట యింటిని కూలివారి కాపురములుగా భాగించిరి. రెండవ మహాయుద్ధమున 1944లో కుమారుని గోలుపోయిన కార్పెంటర్ అను లాయరు, ఆ కుమారుని జ్ఞాపకార్థము దీనిని కొని బాగుచేయించెను. 1949 జూలైలో ఇది ప్రదర్శనశాలగా తెఱువబడెను.

మార్తా లాయిడ్ మాట మఱచితిని. ఆమె 1828లో, అరువదియేండ్లు దాటిన పిమ్మట, రెండవ భార్యగా ఫ్రాంకు ఆస్టెన్‌ను వివాహమాడెను. పోవుచు తాను చాటన్‌లో వాడిన వంటల పుస్తకమును వెంట తీసికొనిపోయెను. వంశములో చేతులు మారి అది మఱల ఈ యింటికే చేరినది. అందలి చేతివ్రాతలో మన దేశపు పద్ధతిని కూరపొడి చేయు విధము కలదు: పసుపు, దుంపరాష్ట్రకము, కారపు మిరపపొడి, వానితో కలుపుటకు బియ్యపుపిండి. ధనియాలు లేవు, జీలకఱ్ఱ లేదు.